అమెరికా బ్లెండరా, మన మిక్సీనా? ముందు జార్ చూడండి

మా చెల్లె డాలస్‌లో ఉంటుంది. పోయిన ఎండాకాలం ఇండియాకు బయలుదేరే ముందు ఫోన్ చేసి, "అక్కా, సూట్‌కేసుల జాగ ఉన్నది. నా దగ్గర ఉన్నసొంటి వైటమిక్స్ బ్లెండర్ నీకూ ఒకటి తేవాల్నా? మీ మిక్సీ ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నది గద" అన్నది. నిజమే. మా మిక్సీకి పదకొండేళ్ళు. ఆన్ చేస్తే పక్కింటి కుక్క లేచి మొరుగుతుంది. "ఒక్కరోజు ఆగు, చెప్త" అన్నాను. ఆ ఒక్కరోజు మూడు వారాలైంది. ఆ మూడు వారాల్లో నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నాలుగు దుకాణాలు తిరిగాను. మిక్సీలు బాగుచేసే ఒకాయన దగ్గర రెండు సాయంత్రాలు స్టూలు వేసుకుని కూర్చున్నాను. అంతకు ముందు ఏడాది చెల్లె కాన్పుకు వెళ్ళి అక్కడ నాలుగు నెలలు ఉన్నప్పుడు ఆ అమెరికా బ్లెండర్‌తోనే వండాను కాబట్టి దాని సంగతీ తెలుసు. ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరు మిక్సీ కొనాలన్నా నాకే ఫోన్ చేస్తున్నారు. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

కొనబోయే వాళ్ళందరూ దుకాణంలో మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అని. నేనూ అట్లాగే అడిగాను. బాగుచేసే ఆయన నవ్వి, "అమ్మా, ముందుగాల మీ ఇంట్ల ఏం నూర్తరో చెప్పున్రి, వాట్ల సంగతి తర్వాత" అన్నాడు. ఇంటికి వచ్చి గోడ క్యాలెండర్ వెనక ఒక వారంపాటు రాసిపెట్టాను. పల్లీల తొక్కు నాలుగుసార్లు, టమాట తొక్కు రెండుసార్లు, పచ్చిమిర్చి ఎల్లిగడ్డ కచ్చాపచ్చాగా అయిదుసార్లు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఒకసారి, నువ్వుల పొడి ఒకసారి, కొబ్బరి గసాలు ఒకసారి, పెసరట్టుకు ఒకసారి, ఇడ్లీ పిండి ఒకసారి, పిల్లలకు అరటిపండు పాలు రెండుసార్లు, మజ్జిగ ఒకసారి. మొత్తం పంతొమ్మిది. వాటిలో పద్నాలుగుసార్లు జార్‌లో వేసింది ఒక టీ గ్లాసుకు మించి లేదు. నిండు జార్ తిరిగింది పెసరట్టుకూ ఇడ్లీకీ మాత్రమే.

ఈ లెక్క చూశాక నా ప్రశ్నే మారిపోయింది. ఎంత పెద్ద మోటారు అన్నది కాదు, గుప్పెడు పల్లీలు ఏది నూరగలదు అన్నది.

డాలస్‌లో మొదటి వారమే ఇది నాకు తెలియాల్సింది. చెల్లె వంటింటి గట్టు మీద వైటమిక్స్ రాజాలాగా కూర్చుని ఉండేది. పొద్దున పాలకూర, ఖర్జూరం, గడ్డకట్టిన మామిడి ముక్కలు, ఐసు వేసి తిప్పితే ఒక్క నిమిషంలో వెన్నలాగా వచ్చేది. ఐసు ముక్క పలుకు కూడా నాలుకకు తగలదు. అట్లాంటి స్మూదీ మన మిక్సీలో రాదు, ఒప్పుకోవాల్సిందే. ఒకరోజు టమాట సూప్ అందులోనే చేసింది. స్టవ్వు లేదు, గిన్నె లేదు. అయిదారు నిమిషాలు గట్టిగా తిప్పితే బ్లేడు రాపిడి వేడికే సూప్ పొగలు కక్కింది. నేను నోరు తెరిచి చూశాను.

అదే రోజు సాయంత్రం జొన్నరొట్టెలోకి పల్లీల తొక్కు చేద్దామని వేయించిన పల్లీలు ఒక చిన్న గిన్నెడు, నాలుగు ఎండుమిర్చి, రెండు ఎల్లిగడ్డ రెబ్బలు, చింతపండు అందులో వేశాను. తిప్పగానే అన్నీ ఎగిరి గోడలకు అతుక్కున్నాయి, అడుగున బ్లేడు ఒక్కటే ఖాళీగా గిర్రున తిరుగుతోంది. ఆపి గరిటెతో కిందికి తోశాను. మళ్ళీ ఎగిరాయి. నీళ్ళు పోశాను. అప్పుడు తిరిగింది గాని తొక్కు చారైంది. చెల్లె వచ్చి చూసి, ఏమీ అనకుండా కింది అలమర తెరిచి ఇంకో మిక్సీ తీసింది. ప్రీతి కంపెనీది, అమెరికా కరెంటుకు సరిపోయేటట్టు 110 వోల్టులతో తయారైంది. అందులో చట్నీ జార్ పెట్టి మూడుసార్లు టిక్ టిక్‌మనిపిస్తే తొక్కు వచ్చింది. "నాలుగు వందల డాలర్లు పెట్టి అది కొన్నవు, మళ్ళ ఇదెందుకే?" అంటే, "అది పొద్దటికి, ఇది రాత్రికి" అన్నది.

ఆ బ్లెండర్ చెడ్డదని కాదు. అసలు జార్ కొలతలోనే తేడా ఉంది. వైటమిక్స్ పాత నమూనా 5200తో వచ్చే జార్ 64 ఔన్సులది, అంటే సుమారు 1.9 లీటర్లు. పొడుగ్గా ఉంటుంది. లోపల వేసినవి సుడిలాగా కిందికి దిగుతూ మళ్ళీ మళ్ళీ బ్లేడుకు తగలాలంటే బ్లేడును ముంచేంత సరుకు, కాస్త తడి ఉండాలి. చిక్కగా ఉంటే పైనుంచి కూరడానికి వాళ్ళే ఒక ప్లాస్టిక్ కర్ర ఇస్తారు. మన చట్నీ జార్ నాలుగు వందల మిల్లీలీటర్లు. అడుగు ఇరుకు, బ్లేడు అడుగునే ఆనుకుని ఉంటుంది, గుప్పెడు వేసినా దొరకబుచ్చుకుంటుంది. వాళ్ళ బ్లెండర్ పుట్టిందే తాగేవాటి కోసం, మన మిక్సీ పుట్టింది నూరడం కోసం.

మన మిక్సీ పుట్టిన కథ కూడా ఇట్లాంటిదే. 1960ల మొదట్లో బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు ఇంట్లో జర్మనీ నుంచి తెచ్చుకున్న బ్లెండర్ మన పప్పులూ మసాలాలూ నూరలేక కాలిపోయింది. అది బాగుచేసే దిక్కు లేక, మన దినుసులకు తట్టుకునే మోటారుతో ఆయనే ఒకటి తయారుచేశాడు. అదే సుమీత్ మిక్సీ, 1963లో బయటికి వచ్చింది. మా అత్తమ్మకు పెళ్ళిలో పెట్టింది కూడా సుమీతే. ఇప్పటికీ ఆమె ఏ మిక్సీని చూసినా "సుమీత్" అనే అంటుంది. అరవై ఏళ్ళ కిందట ఆ బ్లెండర్ ఎక్కడ చతికిలబడిందో, డాలస్‌లో నా పల్లీల తొక్కు కూడా సరిగ్గా అక్కడే ఆగింది.

ఇక హార్స్‌పవర్. అమెరికా బ్లెండర్ల పెట్టెల మీద "2 హెచ్‌పీ", "3 హెచ్‌పీ" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మన దగ్గర హార్స్‌పవర్ అంటే బోరు మోటారే గుర్తొస్తుంది. మూడు హెచ్‌పీ మోటారు వేస్తే పొలం తడుస్తుంది. మరి చంకలో పెట్టుకుని పోయేంత బ్లెండర్‌కు మూడు హెచ్‌పీ ఎక్కడిది? లెక్క వేసి చూడండి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, మూడు హెచ్‌పీ అంటే 2,238. బ్లెండ్‌టెక్ అనే ఇంకో అమెరికా కంపెనీ టోటల్ బ్లెండర్ పెట్టె మీద మూడు హెచ్‌పీ అని ఉంటుంది, దాని అడుగున చీటీ మీద 120 వోల్టులు, 13 ఆంపియర్లు అని ఉంటుంది. ఆ రెండూ గుణిస్తే 1,560 వాట్లే. వైటమిక్స్ 5200 రెండు హెచ్‌పీ అంటుంది, అంటే 1,492 వాట్లు. అది లాగేది 11.5 ఆంపియర్లు, 1,380 వాట్లు. లోపలికి పోయేదానికన్నా బయటికి వచ్చేది ఎక్కువ ఎట్లా అవుతుంది? ఆ అంకె ముందు "పీక్" అనే చిన్న మాట ఉంటుంది. మోటారు ఒక్క క్షణం ఎగదన్నినప్పటి బలం అది. బోరు మోటారు హెచ్‌పీ గంటలకొద్దీ తిరిగే హెచ్‌పీ. ఈ రెండు అంకెలకూ పొంతన లేదు. పెట్టె మీద అంకె వదిలేసి, అడుగున అంటించిన చీటీ చదవండి.

మన మిక్సీల వాట్లు ఎక్కువగా 500, 550, 750, 1000. 500 వాట్ల దానిలో తొక్కు, పొడి, మజ్జిగ బాగానే అవుతాయి. ఇద్దరున్న ఇంటికి చాలు. నానబెట్టిన పప్పు గట్టిగా రుబ్బాలంటే, పచ్చి పసుపు, అల్లం పీచు లాంటివి పడాలంటే 750 ఉంటే నయం. 1000 వాట్లది మా ఇంటికి అక్కర్లేదనిపించింది. కరెంటు బిల్లు గురించి మాత్రం భయపడకండి. 750 వాట్ల మిక్సీ రోజుకు పది నిమిషాలు తిరిగితే యూనిట్‌లో ఎనిమిదో వంతు. నెలకు నాలుగు యూనిట్లు కూడా దాటదు.

వాట్లకన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది, దుకాణంలో ఎవరూ అడగనిది: ఆపకుండా ఎంతసేపు తిప్పొచ్చు? మామూలు మిక్సీలు కొన్ని నిమిషాలు తిప్పి, కాసేపు ఆపి, మళ్ళీ తిప్పాలి. ఎట్లా తిప్పాలో పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ పుస్తకం ఎవరూ తెరవరు. సుజాత కంపెనీ మిక్సీ 900 వాట్లు, నిమిషానికి 22,000 చుట్లు, తొంభై నిమిషాలు ఆపకుండా తిప్పొచ్చని కంపెనీ చెబుతుంది. జ్యూసు బండ్ల మీద అదే ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమైంది గదా. ఇంట్లో పొడులు చేసి అమ్మేవాళ్ళు, పచ్చళ్ళ సీజన్‌లో నాలుగిళ్ళకు కారం కలిపేవాళ్ళు, చిన్న టిఫిన్ సెంటర్ నడిపేవాళ్ళు దాన్ని తప్పకుండా చూడాలి. ఇంటికి మాత్రం దాని చట్నీ జార్ చిన్నదేనా, మూత బిగువుగా పడుతుందా అని చేతితో చూసుకుని కొనండి. ఆ మోటారు బలానికి ఆశపడి కొని, గుప్పెడు తొక్కుకు మళ్ళీ ఇంకో మిక్సీ వెతుక్కున్న ఇల్లు మా వీధిలోనే ఉంది.

ప్రీతి జోడియాక్ 750 వాట్లది, అయిదు జార్లు. అందులో ఒకటి పిండి పిసకడానికీ కూరగాయలు తరగడానికీ. ఉద్యోగాలకు పోయే ఇళ్ళలో చాలామంది అదే కొంటున్నారు. దాన్ని చూసినప్పుడు నాకు అనిపించేది ఒకటే, ఆ అయిదో జార్ మీ ఇంట్లో నిజంగా గట్టు మీదికి వస్తుందా, లేక అటక మీదికి పోతుందా? మా వదినమ్మ ఇంట్లో అది అటక మీదే ఉంది, అట్టపెట్టె కూడా విప్పలేదు. బాష్ వాళ్ళ ట్రూమిక్స్ ప్రో 1000 వాట్లది. ఒక జార్‌లో పదును లేని మందం బ్లేడు పెట్టి, రోట్లో దంచినట్టు వస్తుందంటారు. రోటి రుచి కోసం ప్రాణం పెట్టేవాళ్ళకు అది ఆశ కలిగిస్తుంది. నేను దుకాణంలో తిప్పి చూసినంత వరకు మసాలా పొడి బరకగా బాగానే వచ్చింది. కాని రోకలి పోటుకు ఎల్లిగడ్డ చితికినప్పటి వాసన వేరు. ఆ ఒక్కదానికి మా ఇంట్లో చిన్న రాతి కల్వం ఇంకా ఉంది, దాన్ని ఏ మిక్సీతోనూ పోటీ పెట్టను.

బుల్లెట్ అని పిలిచే చిన్నవి కూడా ఉన్నాయి. న్యూట్రిబుల్లెట్ 600 వాట్లది. గ్లాసులోనే వేసి, బోర్లించి తిప్పి, అదే గ్లాసుతో తాగొచ్చు. హాస్టల్ పిల్లలకు, ఒక్కరే ఉండేవాళ్ళకు పనికొస్తుంది. వేడివి మాత్రం అందులో ఎప్పుడూ వేయొద్దు. మూత బిగించి బోర్లించేది కాబట్టి ఆవిరి పోవడానికి దారి ఉండదు, లోపల ఒత్తిడి పెరిగి గ్లాసు ఎగిరిపోతుంది. పెద్ద మిక్సీలో కూడా ఇదే జాగ్రత్త. మగ్గిన టమాటలు చల్లారకముందే నేను ఒకసారి జార్ నిండా వేసి బటన్ తిప్పాను. మూత లేచి, తొక్కు నా చెంప మీదా, గోడ మీదా, పైన అలమర తలుపుల మీదా పడింది. సున్నం వేసినా ఆ ఎర్ర మరక ఇప్పటికీ కనిపిస్తుంది.

పల్లీలూ నువ్వుల సంగతి కొంచెం ఆగి చెప్పాలి. పాలమూరు వైపు చుట్టాలుంటే మీకు తెలుసు, యాసంగి పల్లీలు చేతికొచ్చాక వనపర్తి నుంచో కల్వకుర్తి నుంచో ఒక గోనెసంచి తప్పకుండా దిగుతుంది. పల్లీలో సుమారు సగం నూనె. నువ్వుల్లో కూడా అంతే. బ్లేడు ఆపకుండా తిప్పితే రాపిడికి జార్ వేడెక్కుతుంది, నూనె వదులుతుంది, పొడి కావాల్సింది ముద్ద అవుతుంది. మీరు చెయ్యాల్సింది ఇది: పల్లీలు బాగా చల్లారనివ్వాలి, పొట్టు చెరిగేయాలి, జార్ మూడో వంతే నింపాలి. మిక్సీ బటన్‌ను ఎడమవైపు తిప్పితే ఒక క్షణం తిరిగి ఆగుతుంది గదా, అదే వాడాలి. టిక్, ఆపు. టిక్, ఆపు. ప్రతి మూడో టిక్‌కు జార్ తీసి చేతితో ఒక కుదుపు. పలుకులు ఆవాలంత అయ్యాక చేతితో జార్ అడుగు ముట్టి చూడండి. వెచ్చగా తగిలితే పక్కన పెట్టేసి, అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ. ఇట్లా చేస్తే 500 వాట్ల పాత మిక్సీలో కూడా పొడి పొడిగా వస్తుంది. పీనట్ బటర్ కావాలంటే తిరగేసి చెయ్యండి. అప్పుడు ఆపొద్దు, అప్పుడు అమెరికా బ్లెండరే రాజు. చెల్లె అందులో రెండు నిమిషాల్లో తీసేది, పైనుంచి కర్రతో కూరుతూ.

పసుపు కొమ్ములు, శొంఠి, ఏడాదికి సరిపడా కారం, జొన్నపిండి ఏ మిక్సీకీ పెట్టకండి. గిర్ని ఎందుకుంది? నేను ఒక సంక్రాంతికి బద్ధకంతో పావుకిలో పసుపు కొమ్ములు మిక్సీలో వేసి, జార్ కింద మోటారుకు తగులుకునే కప్లర్ పళ్ళు విరగ్గొట్టుకున్నాను. అది రబ్బరుతో చేసిందైతే అరుగుతుంది, గట్టి ప్లాస్టిక్‌దైతే విరుగుతుంది. ఏదైనా అది విరగడమే మంచిది, అది విరగకపోతే మోటారు కాలుతుంది.

ఇడ్లీ, దోసె, గారెల పిండి వారానికి రెండుసార్లకన్నా ఎక్కువ చేసే ఇల్లయితే పెద్ద మిక్సీ కొనడం దండగ, టేబుల్ గ్రైండర్ కొనండి. రెండు లీటర్ల గ్రైండర్‌లో మోటారు సాధారణంగా 150 వాట్లే. మిక్సీలో అయిదో వంతు. అయినా రాళ్ళ మధ్య మెల్లగా నలిగిన పిండి వేడెక్కదు, గాలి పట్టి పొంగుతుంది, అందుకే ఇడ్లీ మెత్తగా వస్తుంది. మిక్సీలో రుబ్బితే చల్లటి నీళ్ళు పోస్తూ, ఆపుతూ రుబ్బాలి. వాట్లే అన్నీ కావని నమ్మనివాళ్ళకు నేను ఈ గ్రైండర్‌నే చూపిస్తాను. వానాకాలం మక్క గారెలకు మాత్రం మిక్సీనే. పచ్చి మక్కలు, పచ్చిమిర్చి, కాస్త జీలకర్ర వేసి, నీళ్ళ చుక్క పడకుండా కచ్చాపచ్చాగా తిప్పాలి. పొడుగు జార్‌లో ఇది అడుగున ముద్దయి పైన గింజలు అట్లాగే ఉంటాయి. వెడల్పు జార్‌లో సగమే వేసి చేస్తే సరిగ్గా వస్తుంది.

బత్తాయి. నల్లగొండలో ఉండి బత్తాయి మాట ఎత్తకుండా మిక్సీ గురించి రాయడమెట్లా. పెద్ద బ్లెండర్లు అమ్మేవాళ్ళు పండు మొత్తం వేసెయ్యండి, పీచు కూడా ఒంటికి మంచిది అంటారు. బత్తాయికి ఆ మాట పనికిరాదు. గింజ నలిగితే చేదు, లోపలి తెల్లటి పొర నలిగినా చేదు. తాగిన వెంటనే తెలియకపోవచ్చు, అరగంట ఉంచితే చేదు ఇంకా పెరుగుతుంది. మోటారు బలం ఎంత ఎక్కువైతే అంత మెత్తగా నలిపి అంత చేదు చేస్తుంది. గింజలు తీసి, పొర ఒలిచి తొనలు మాత్రమే వేస్తే ఏ మిక్సీలోనైనా సరే, రెండుసార్లు టిక్‌మనిపించి జల్లెడ పట్టండి. నిజానికి రోజూ రసం తాగే ఇల్లయితే చేతితో నొక్కి పిండే అల్యూమినియం మెషిన్ చాలు. మా నాన్న ముప్పై ఏళ్ళుగా దానితోనే పిండుతున్నాడు.

ఇక చెల్లె తెచ్చే బ్లెండర్ దగ్గరికి వద్దాం. అక్కడి కరెంటు 120 వోల్టులు (110 అని కూడా అంటారు), ఇక్కడ 230. తెచ్చి తిన్నగా ప్లగ్గులో పెడితే అర నిమిషం గట్టిగా అరిచి కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఫోన్ ఛార్జర్లకు ఇచ్చే అరచేతి అడాప్టర్ పనికిరాదు. 1,400 వాట్లు లాగే దానికి రెండు వేల వాట్లకు తగ్గని ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. చాలా బరువుంటుంది, గట్టు మీద జాగ తింటుంది, వెల కూడా ఒక మంచి మిక్సీకి దగ్గరగా పోతుంది. అమెరికాలో కొన్నప్పుడు ఇచ్చే ఏడేళ్ళ, పదేళ్ళ వారంటీ అమెరికా, కెనడాలకే. ఇక్కడ పాడైతే మీ అదృష్టం. ఇండియా కరెంటుకు సరిపోయే నమూనాలు కూడా దొరుకుతాయి. అంత డబ్బు పెట్టాలనుకుంటే ఇక్కడి బిల్లు, ఇక్కడి వారంటీతో అవే కొనండి. అప్పుడు కూడా దాన్ని పెద్ద సాకెట్‌కే పెట్టాలి. 6 ఆంపియర్ల చిన్న సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లకే ఆగుతుంది. పాత ఇళ్ళల్లో వంటింటి గట్టు దగ్గర పెద్ద సాకెట్ ఉండదు, ఉన్న ఒక్కటీ ఫ్రిజ్‌కో గీజర్‌కో పోతుంది. మూలకు వైరు లాగించే ఖర్చు కూడా కలుపుకోండి.

ఆ బ్లెండర్ జార్లు పారదర్శక ప్లాస్టిక్‌వి. అందులో మిరియాలు, లవంగం, ధనియాలు పొడి చేస్తే గీతలు పడి మసకబారుతుంది, ఆ వాసన పాలల్లోకి కూడా వస్తుంది. పొడులకు వేరే జార్ అమ్ముతారు. తడి జార్ బ్లేడు సరుకును కిందికి లాగుతుంది, పొడి జార్ బ్లేడు పైకి విసురుతుంది. దానికి వేరే డబ్బులు. మన మిక్సీతో ఇవన్నీ స్టీలువి, ఒకే పెట్టెలో వస్తాయి. బ్లెండ్‌టెక్ జార్ ఇంకా వెడల్పు, నాలుగు పలకలుగా ఉంటుంది, బ్లేడు మొండిది. వాళ్ళ కంపెనీ పెట్టినాయనే ఐఫోన్‌ను అందులో వేసి పొడి చేసిన వీడియో ఒకప్పుడు అందరూ చూశారు. మా అత్తమ్మకు చూపిస్తే, "ఫోన్ నూరితే నూరింది గని, ఎల్లిగడ్డ కారం అయితదా?" అని అడిగింది. వెడల్పు అడుగులో నాలుగు రెబ్బలు వేస్తే కాదు.

అయితే ఆ బ్లెండర్ ఎవరు కొనాలి? పొద్దున్నే ఇంటిల్లిపాదీ స్మూదీ తాగేవాళ్ళు, నమలలేని పెద్దవాళ్ళకో జబ్బు మనిషికో అన్నం కూరా మెత్తటి జావలాగా చేసి పెట్టాల్సినవాళ్ళు, కాఫీ షాపు పెట్టుకునేవాళ్ళు. ఈ రెండో రకం ఇంటికి నేను మనస్ఫూర్తిగా చెబుతాను, కొనండి. మా పెదనాయన ఆఖరి రెండేళ్ళు ట్యూబు ద్వారానే తిన్నాడు. పలుకు లేకుండా చెయ్యడానికి మా పెద్దమ్మ పూటకు రెండుసార్లు మిక్సీ పట్టి, రెండుసార్లు గుడ్డలో వడగట్టేది. అప్పుడు అట్లాంటిది ఒకటి ఉంటే ఆమె చేతులు కొంచెం తెరిపిన పడేవి.

ఊళ్ళల్లో ఉండేవాళ్ళకు ఒక మాట. ఎండాకాలం సాయంత్రాలు మోటార్లన్నీ ఆడుతున్నప్పుడు వోల్టేజీ పడిపోతే మిక్సీ గొంతు మారుతుంది, మూలుగుతుంది. అప్పుడు జార్ నిండా పప్పు వేసి తిప్పొద్దు. వేగం తగ్గితే లోపలి ఫ్యాను గాలి తగ్గుతుంది, మోటారు తీగల చుట్ట వేడెక్కుతుంది. ఇన్వర్టర్ మీద 750 వాట్ల మిక్సీ పెట్టడం కూడా మానుకోండి. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు దాని వాట్లకన్నా ఎక్కువ, చిన్న ఇన్వర్టర్ కీచుమని ఆగిపోతుంది.

బాగుచేసే ఆయన దగ్గర కూర్చున్న రెండు సాయంత్రాల్లో పదిమంది దాకా వచ్చారు. అందులో ముగ్గురి మిక్సీలకు అసలు ఏమీ కాలేదు. బరువెక్కువై ఆగిపోయింది, అంతే. మిక్సీని బోర్లిస్తే అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. జార్ తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, అది నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. ఆయన నిజాయితీపరుడు కాబట్టి నొక్కి ఇచ్చి పంపాడు. ఇంకో ఇద్దరివి మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయి, లోపల మెరుపులు వచ్చి కాలిన వాసన. చిన్న ఖర్చు. నలుగురివి జార్ బుష్, అంటే బ్లేడు ఇరుసు తిరిగే గొట్టం, అరిగి, కింద నల్లటి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కటే నిజంగా మోటారు కాలింది, అందులో కుంకుడుకాయలు నూరారట. మిక్సీలో ముందు పోయేది మోటారు కాదు, జార్.

అందుకే దుకాణంలో మీరు అడగాల్సింది ఇది: ఈ జార్ ఒక్కటే విడిగా ఎంత? బ్లేడు, వాషర్, కప్లర్ ఇక్కడ దొరుకుతాయా? వారంటీలో పాడైతే ఇక్కడే బాగుచేస్తారా, హైదరాబాద్ పంపుతారా? ఆఖరి ప్రశ్నకు "ఏం కాదమ్మా, మేమున్నం గద" అనే జవాబు వస్తే నమ్మకండి, సర్వీస్ సెంటర్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. నా పాత మిక్సీ మూడో ఏట ఒక సర్వీస్ సెంటర్‌కు పోయి నలభై రోజులు తిరిగి రాలేదు. దసరా, బతుకమ్మ సద్దులు, అన్నీ పక్కింటివాళ్ళ మిక్సీ మీదే గడిచాయి. నువ్వుల సద్దికి పొడి పట్టించుకోవడానికి గిన్నె పట్టుకుని గోడ అవతలికి పోవడం ఎంత చిన్నతనమో మీకు చెప్పనక్కర్లేదు. ఇంకా, మిక్సీ మీద ఐఎస్ఐ గుర్తు చూడండి, చట్నీ జార్ తప్పకుండా ఉండేటట్టు చూడండి. జార్ పెట్టి చేతితో ఊపితే లొడలొడలాడొద్దు. మూత వెనక రబ్బరు చేతికి వచ్చేటట్టుగా ఉంటే వద్దనండి. ఖాళీ జార్‌తో ఒకసారి తిప్పించి, చప్పుడు వినండి. చప్పుడు ఏ మిక్సీకైనా ఉంటుంది, గరగరలాడితే మాత్రం ఇంకోటి విప్పమనండి.

చివరికి నేను 750 వాట్లది, మూడు జార్లది, నల్లగొండలోనే సర్వీస్ ఉన్నది తీసుకున్నాను. ఆరు వేలకు లోపే అయింది. కంపెనీ పేరు చెప్పను. చెబితే మీరు మీ వారం లెక్క రాసుకోకుండా అదే కొనేస్తారు. చట్నీ జార్‌కు రెండు వాషర్లు, ఒక కప్లర్ అదనంగా కొని పాత బిస్కెట్ డబ్బాలో వేసి పెట్టాను.

చెల్లెకు ఫోన్ చేసి, "బ్లెండర్ వద్దే, ఆ జాగల ఇంకేమన్న తే" అన్నాను.

"మరేం తేవాలె?"

"ఆ ఆకుపచ్చ డబ్బా బాదాములు. తెచ్చినంక జాగ ఎట్లైనా ఖాళీ అయితది గద, పోయేటప్పుడు రెండు చట్నీ జార్లు పట్టుకపో. మొన్న ఫోన్ల నీ జార్ కింద నల్లనీళ్ళు కారుతున్నయని అన్నవు."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "110 వోల్టుల మిక్సీకి మన జార్ పడుతదా?" అని అడిగింది.

జార్‌కు వోల్టులతో పనిలేదు, కింద కప్లర్ పళ్ళు కలిస్తే చాలు. ఆమె దాని ఫోటో తీసి పంపింది. నేను ఫోన్ పట్టుకుని మళ్ళీ క్లాక్ టవర్ దాకా నడిచాను.